మరి దేంట్లో తెచ్చుకోవాలి?

విశాఖలో ప్లాస్టిక్ కవర్లు ఆపేస్తారట అన్న మాట బజారులో నలుగుతున్న రోజుల్లో ఎవరిని కదిపినా ఒకటే ప్రశ్న: మరి సరుకులు దేంట్లో తెచ్చుకోవాలి? నాకు నవ్వొచ్చింది. వన్ టౌన్‌లో మా ఇంటి వీధి తలుపు వెనక మేకుకి వేలాడే సంచులు గుర్తొచ్చాయి. కూరలదొకటి, కొట్టు సరుకులదొకటి. చేపల సంచీ మాత్రం పెరట్లో నూతిగట్టు పక్కన ఎండుతుండేది. పొరపాటున దాంట్లో వంకాయలు తెచ్చామా, మామ్మ గడప దాటనిచ్చేది కాదు.

నాన్నకి పోర్టులో పని. ఆయన ఖాకీ పంట్లాం కూర్చునే చోట చిరిగిపోయాక, అమ్మ దాని కాళ్ళు రెండూ కోసి, కుట్లు విప్పి, రెంటినీ కలిపి సంచీ కుట్టేది. నడుం పట్టీయే పిడులయ్యేది. ఎన్ని ఉతుకులు పడ్డా ఆ గుడ్డలో గ్రీజు వాసన కాస్త ఉండనే ఉండేది. దానికి కొత్తిమీర వాసనా, తడి మట్టి వాసనా తోడై, పూర్ణా మార్కెట్ నుంచి ఇంటిదాకా నాతో నడిచొచ్చేవి. బియ్యానికి గోనెసంచీ వేరే ఉండేది. ఇటు చిట్టివలసలో, అటు నెల్లిమర్లలో జూట్ మిల్లులు, చుట్టుపక్కల ఊళ్ళలో గోగు చేలు ఉన్నప్పుడు గోనెకి కరువేముంది?

కొట్టులో షావుకారుగారి చేతులు చూస్తూ నిలబడితే ఇంటికి పోవాలని గుర్తుండేది కాదు. పాత పేపరు ముక్క చర్రున చింపి, గరాటులా చుట్టి, జీలకర్ర పోసి, పైఅంచులు మడిచి లోపలికి దోపేవారు. దూలానికి వేలాడే ఉండలోంచి పురికొస సర్రున లాగి, నిలువుగా ఓ చుట్టు, అడ్డంగా ఓ చుట్టు తిప్పి, చూపుడువేలికి మెలేసి పుటుక్కున తెంపేవారు. మామ్మ ఇంటి దగ్గర ఆ కొసని ముడి విప్పి పుల్లకి చుట్టి దాచేది. పేపరు నాకు దక్కేది. ఏ సినిమా ప్రకటనో సగం, ఏ సీరియల్లోనో ఒక తునకా చదివాక, మామ్మ దాన్ని సాపు చేసి గూట్లో డబ్బాల కింద పరిచేది.

నూనెకి సీసా, కిరసనాయిలుకి డబ్బా, పెరుక్కి గిన్నె ఇంటినుంచే వెళ్ళాలి. తాటాకు గంప నెత్తిన పెట్టుకుని జాలరిపేట నుంచి వచ్చే ముసలమ్మ, "ఓలమ్మా, దాక తే!" అని కేకేశాకే గంప దించేది. ఎండాకాలం ముంజలు తాటాకులోనే వచ్చేవి. మల్లెపూలు ఆకు పొట్లంలో తడితడిగా, పెళ్ళి విస్తళ్ళు మన్యం నుంచి దిగిన అడ్డాకులతో. వానాకాలమొస్తే మాత్రం పంచదార పొట్లం లాగూ జేబులో పెట్టుకుని పరుగే పరుగు. అలా పరిగెత్తినా ఓసారి అనకాపల్లి బెల్లం చొక్కాకే అంటుకుంది. ఆ చొక్కా ఉతికే ముందు చీమలూ మేమూ వాటాలేసుకున్నాం.

తర్వాత బట్టల కొట్టువాళ్ళు మెరిసే కవరు ఇవ్వడం మొదలెట్టారు. అమ్మ దాన్నీ ఉతికి, దండెం మీద ఆరేసి, పరుపు కింద దాచింది. పారెయ్యడం మాకు తెలీదు. తర్వాత తర్వాత కరివేపాకు రెబ్బకీ కవరే వచ్చింది, పరుపు కింద చోటు చాల్లేదు. పెద్ద వాన పడితే గెడ్డల్లో నీళ్ళకంటే ముందు కవర్లే సముద్రానికి ప్రయాణం కట్టేవి.

2022 జూన్ 5 నుంచి నగరపాలక సంస్థ విశాఖలో ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ని నిషేధించింది. ఆ ఏడాది డిసెంబరు 31 నుంచి దేశమంతటా కవరు మందం కనీసం 120 మైక్రాన్లు ఉండాలన్నారు. అంతకు ముందు 75. ఈ లెక్కలు మా మామ్మకి చెబితే, "మైక్రాన్లెందుకురా, మేకునున్న సంచీ తీసుకుపో" అనేది.

కొత్త సంచీ కొనడానికి పరుగెత్తకండి. మీ ఇంట్లో పాత పంట్లాం ఒకటి ఉండే ఉంటుంది. కాళ్ళు రెండూ కోసి కలపండి, అడుగున మాత్రం రెండు వరసల కుట్టు వెయ్యండి. కొబ్బరికాయల బరువుకి ఒక్క వరస ఆగదు.