పొయ్యి పొగ

2023లో ఒక సాయంత్రం ఆఫీసు పని పక్కనపెట్టి జేమ్స్ వెబ్ టెలిస్కోపు వార్త చదువుతున్నాను. ఎస్‌పీటీ0418-47 అనే గెలాక్సీ నుంచి 1200 కోట్ల ఏళ్లకు పైగా ప్రయాణించి వచ్చిన వెలుగులో పొగ ఆనవాలు దొరికిందట. చదవగానే నాకు మా వంటింటి ఊదుగొట్టం గుర్తొచ్చింది. నవ్వకండి.

ఆ పొగ పేరు పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు. పేరు కొండవీటి చాంతాడంత ఉన్నా సంగతి తేలికే. కార్బన్ పరమాణువులు ఆరేసి చొప్పున చేరి తేనెపట్టు గదుల్లా అల్లుకుంటాయి, అంచుల్లో హైడ్రోజన్. కట్టెల పొగలో, మసిలో, కార్ల పొగలో ఉండేవీ ఈ జాతివే. నక్షత్రాల మధ్య తేలే ఇలాంటి అణువుకి ఒక్క అతినీలలోహిత ఫోటాన్ తగిలితే చాలు, చటుక్కున వేడెక్కి వణుకుతుంది. ఆ వేడిని పరారుణ కాంతిగా వదిలి చల్లబడుతుంది. 3.3, 6.2, 7.7, 11.3 మైక్రాన్ల దగ్గర కనిపించే వెలుగు ఆ వణుకుదే. 1970లలో అది కంటపడినా ఎవరిదో తేలలేదు. 1985లో అలమండోలా, టీలెన్స్, బార్కర్ తమ పరిశోధన పత్రానికి పేరు పెడుతూ పాలపుంతకి కార్ల పొగ అంటగట్టారు. సైంటిస్టులకీ చమత్కారం ఉంటుందన్నమాట!

నిప్పు లేనిదే పొగ రాదంటాం కదా. ఈ గెలాక్సీలో మాత్రం కొన్నిచోట్ల పొగ ఉంది, కొత్త నక్షత్రాలు లేవు. కొన్నిచోట్ల నక్షత్రాలు పుడుతున్నాయి, పొగ లేదు. నేను ఆగిపోయింది అక్కడే.

ఒకసారి సెలవులకి వెళ్లినప్పుడు అమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఎక్స్‌రే చూసి, "పొగ అలవాటుందా అమ్మా?" అనడిగాడు. నాకు కోపమొచ్చింది. అమ్మ మాత్రం నవ్వి, "నేనెక్కడ తాగాను బాబూ, పొయ్యే తాగించింది" అంది.

తడికట్టెలు, పిడకలు, కిటికీ లేని వంటిల్లు. గ్యాస్ మాట ఎత్తినప్పుడల్లా "వాడి చదువు కానీ" అనేవాడు నాన్న. నా ఎమ్మెస్ అయింది. 2003లో మొదటి జీతంతో గ్యాస్ పొయ్యి వచ్చింది. అప్పటికే దగ్గు మా ఇంట్లో మనిషైపోయింది.

వార్త చదివిన రాత్రే అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. రెండు పొగలూ ఒకే జాతివన్న ముక్క మాత్రం చెప్పలేదు.

"అంత దూరాన పొయ్యి ఎవరు ఊదుతున్నార్రా?" అంది. నవ్వబోయి దగ్గు తెరలో పడింది. అది తగ్గేదాకా ఫోను చెవి దగ్గరే పెట్టుకుని కూర్చున్నాను.