షోలాపురంలో ఆరు మోటార్లు

బొంబాయిలో రాత్రి సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుకుంటే తెల్లవారేసరికి షోలాపురంలో మెలకువ వస్తుంది. స్టేషను బయట ఆటోవాడు మరాఠీలో పలకరిస్తాడు. "అశోక్ చౌక్" అన్నామంటే చాలు, ఒకసారి మన ముఖం చూసి తెలుగులోకి దిగుతాడు. దారిలో కన్నడం మాట్లాడేవారు ఎక్కితే వారితో కన్నడంలోనే బేరం. మూడు భాషలు ఒకే నోట ఇంత సునాయాసంగా ఆడే ఊరు మరొకటి ఉంటే ఉండవచ్చు గాని, నేను చూడలేదు.

తెలియనివారి కోసం రెండు మాటలు. 1877లో ఇక్కడ మొదటి బట్టల మిల్లు వెలసింది. కరీంనగరం, నల్లగొండ, పాలమూరు ప్రాంతాల నుంచి మన పద్మశాలీ కుటుంబాలు ఒకరి వెనుక ఒకరుగా ఇక్కడికి చేరాయి. ఆ తరువాత మిల్లులు మూతపడ్డాయి, మగ్గాలు మాత్రం ఇళ్ళ పంచన చేరి బతికాయి. మొదట చేమగ్గాలు, పిమ్మట కరెంటు మగ్గాలు. 1930 మే నెలలో ఈ ఊళ్ళో మార్షల్ లా పెట్టారనీ, 1931 జనవరి 12న నలుగురిని ఉరి తీశారనీ పుస్తకాలలో ఉంది. ఆ నలుగురి పేర ఒక చౌక్ కూడా ఉంది. నేను చెప్పబోయేది అంత పెద్ద చరిత్ర కాదు. ఊరి తూర్పు భాగంలో ఒక సందులోని ఎనిమిది మగ్గాల షెడ్డు సంగతి.

ఆ తూర్పు భాగానికి ఒక చప్పుడుంది. ఉదయం పళ్ళు తోముకునేవేళ నుంచి రాత్రి పక్కవేసే దాకా ఖటక్ ఖటక్‌మని గోడలలో నుంచి వస్తూనే ఉంటుంది. కొత్తవారికి తలనొప్పి. అక్కడ పుట్టినవారికి ఆ చప్పుడు ఆగితేనే నిద్ర చెడుతుంది. గత ఏడు, అంటే 2025లో, నూలి పున్నమికి నేను వెళ్ళాను. ఆ రోజున మార్కండేయస్వామి రథం ఊరేగుతుంది. మగ్గాలకు సెలవు. తలకు ఫేటా చుట్టినవారు, చేతికి కొత్త రాఖీలు కట్టుకున్న పిల్లలు, డప్పులు, సందులన్నీ కిటకిటలాడాయి. ఆ సందడిలో నాకేమీ తెలియలేదు. మరునాడు పొద్దున చుట్టూ మగ్గాలన్నీ మొదలైనాక, మామ ఇంటి వైపు నుంచి మాత్రం చప్పుడు రాలేదు.

వరసకు మామ. రక్తసంబంధం వెదికితే దొరకదు గాని, ఋణసంబంధం ఉంది. 1982 జనవరి 18న బొంబాయి మిల్లులలో సమ్మె మొదలైనప్పుడు మా నాన్న ఒక మిల్లులో సాంచా పని చేసేవాడు. సమ్మె ఏడాది దాటింది. నాన్న పని మళ్ళీ రాలేదు. ఆ రోజుల్లో ఈ మామ తండ్రి షోలాపురం నుంచి చద్దర్ల కట్ట ఒకటి అరువు మీద పంపేవాడు. నాన్న వాటిని భుజాన వేసుకుని పరేలు చాళ్ళలో తిరిగి అమ్మి, అసలు పంపి, మిగిలినదానితో మాకు జొన్నలు తెచ్చేవాడు. ఒక నెల అమ్మకం సరిగా లేక డబ్బు పంపలేకపోతే, ఉత్తరానికి బదులు ఇంకొక కట్ట వచ్చిందట. ఈ మాట అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

ఇంతకూ జరిగిందేమిటంటే, ఆషాఢ అమావాస్య ముందు రాత్రి ముసురు పట్టింది. కరెంటు పోయింది. మగ్గాలు ఆపి మామా, పనివారూ ఇళ్ళకు పోయారు. తెల్లవారి చూస్తే వెనుక రేకు ఊడి ఉంది. ఎనిమిది మోటార్లలో ఆరు లేవు. స్టార్టరు పెట్టెలు పోయాయి, రాగి వైరు గోడల మీద నుంచి పీకి పట్టుకుపోయారు. మిగిలిన రెండు మోటార్ల బోల్టులు తుప్పు పట్టి రాలేదు కాబట్టి మిగిలాయి. "నేను నూనె బెట్టనందుకు ఆ రెండూ దక్కినయి," అని మామ నవ్వబోయి నవ్వలేకపోయాడు.

ఒక్కొక్క మోటారులో దొంగకు దొరికేది కొద్దిపాటి రాగిచుట్ట. వార్నిషు కాల్చివేసి తూకానికి అమ్ముకుంటాడు. వాడికి చేతికందిన దానికీ, మామకు పోయినదానికీ పొంతన లేదు. మోటారు ఖరీదు ఒక ఎత్తు. మగ్గం మీద ఎక్కి ఉన్న పడుగు మరొక ఎత్తు. గంజి పెట్టిన పడుగు వానాకాలం చెమ్మలో ఊరికే నిలబడితే బూజు పడుతుంది, నేయబోతే పోగులు పుటుక్కుమంటాయి. ఆ నూలు వ్యాపారి దగ్గర అరువు తెచ్చినది. పనివారికి వారానికి ఒకసారి లెక్క. రెండు వారాలు పని లేకపోతే వారు మరొక షెడ్డు చూసుకుంటారు, తప్పు పట్టడానికి లేదు. అటువంటి షెడ్డు ఒక నెల ఆగితే మళ్ళీ తెరుచుకోవడం కష్టం.

దొంగ ముట్టనిది ఒకటుంది. గోడ పక్కన జకార్డు అట్టలు దండలుగా వ్రేలాడుతున్నాయి. బెజ్జాలు పొడిచిన అట్టలు. ఏ పోగు లేవాలో, ఏ పోగు ఉండాలో మగ్గానికి చెప్పేవి అవే. నెమలి అట్టలు మామ తండ్రి నాటివి. షెడ్డంతటిలో మళ్ళీ కొనలేనివి అవి. దొంగ వాటిని తప్పించుకుని నడిచి పోయాడు. మామ ముందుగా వాటినే లెక్క చూసుకున్నాడట.

ఠాణాకు వెళితే మోటార్ల బిల్లులు అడిగారు. ఇరవై ఏళ్ళ నాడు పాతవి కొన్న వస్తువులకు బిల్లులెక్కడివి? నంబరు పలకలు జిడ్డులో ఎన్నడో మునిగాయి. ఫొటోలు లేవు. రెండు రోజులు తిరిగాక ఫిర్యాదు రాసుకున్నారు. దాని నకలు ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలని చట్టంలో ఉంది. మామకు తెలియదు, మేము చెప్పాక వెళ్ళి తెచ్చుకున్నాడు. బీమా సంగతి మరీ విచిత్రం. బ్యాంకు అప్పుతో పాటు బీమా చేయించారు, ఏటా సొమ్ము కడుతున్నాడు. తీరా చూస్తే అది అగ్నిప్రమాదానికి. దొంగతనానికి వేరే పాలసీ ఉండాలి. మామ ఆ కాగితం పద్నాలుగేళ్ళుగా పెట్టెలో భద్రంగా దాచాడు, చదవలేదు. చిన్న కారఖానాలు నడిపే మన చదువరులు ఈ వ్యాసం పక్కన పెట్టి ముందు ఆ కాగితం తీసి చూసుకుంటే మంచిది. మోటారు నంబర్లు ఒక పుస్తకంలో రాసి, సెల్‌ఫోనులో బొమ్మ తీసి, ఉలితో ఒక గుర్తు చెక్కితే ఇంకా మంచిది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు నేనిప్పుడు చెబుతున్నాను గాని, మా ఇంట్లో కుట్టుమిషను నంబరు కూడా మొన్న మొన్ననే రాశాను.

పది రోజుల తరువాత ఒక పాత ఇనుము కొట్టులో మూడు ఖాళీ మోటారు గుల్లలు దొరికాయని కబురు వచ్చింది. మామ వెళ్ళి ఒకదాన్ని గుర్తు పట్టాడు. ఎలాగంటే, వెనుకటి ఏడు ఖండే నవమి నాడు ఆయుధపూజకు అత్త పెట్టిన కుంకుమ బొట్టు దాని మూతి కింద ఇంకా ఉంది. గుల్ల దొరికితే కొత్త చుట్ట చుట్టించుకోవచ్చు. కాని అది కేసు సొత్తు, కోర్టులో అర్జీ పెట్టి విడిపించుకోవాలి. దొంగసొత్తు అని తెలిసి కొన్నవాడికి 2024 జూలై నుంచి అమలైన న్యాయసంహిత 317వ సెక్షను కింద శిక్ష ఉంది. ఆ కొట్టువాడు తనకేమీ తెలియదంటాడు. రాగి ఎటు పోయిందో చెప్పడు. సందులో గుసగుసలు మొదలయ్యాయి; ఫలానావాడి కొడుకు, ఫలానా పాత పనివాడు. ఇంటి దొంగను ఈశ్వరుడు కూడా పట్టలేడంటారు. మామ మాత్రం ఒక్క పేరూ ఎత్తలేదు. "రేపు వానితోనే కండెలు పట్టించుకునేది ఉన్నది," అన్నాడు.

నేను వెళ్ళేటప్పటికి సందులోని పెద్దలు కొంత చందా పోగు చేసి ఉంచారు. బొంబాయి నుంచి మా సంఘం తరఫున నేనూ ఒక కవరు తీసుకుపోయాను. అత్త బీడీలు చుడుతూ కూర్చుంది. చుట్టిన వేయికి ఇంత అని వచ్చే ఆ కూలీతోనే ఆ పదిహేను రోజులూ పొయ్యి వెలిగింది. కవరు మామ ముందు పెట్టాను. ఆయన ముట్టలేదు.

"పైసలొద్దు అల్లుడా. ఇవి తీసుకున్ననని రేపు బజార్ల తెలిస్తె నాకు నూలెవడిస్తడు? వీడు మునిగిండు అంటరు. చద్దర్లు కొనుండ్రి. ధర తగ్గియ్యమని మాత్రం అడగకుండ్రి."

నాకు ముందు కష్టంగా తోచింది. ఆ రాత్రి పడుకున్నాక నాన్న భుజాన చద్దర్ల కట్ట గుర్తుకు వచ్చింది. ఆనాడు మాకు వచ్చినది చందా కాదు, సరుకు. నాన్న అదెప్పుడూ దానమని అనలేదు, "బాకీ" అన్నాడు. ఆ మాట అనగలిగాడు కాబట్టే తలెత్తుకుని తిరిగాడు.

తరువాత జరిగినది చూస్తే ఎవరికి తోచినది వారు చేశారు. మోటార్లకు చుట్టలు చుట్టే మేస్త్రీ ఒకడు తన దగ్గర పడి ఉన్న రెండు పాత మోటార్లు తెచ్చి బిగించాడు. సరుకు అమ్ముడైనాకనే లెక్క అన్నాడు. నాలుగు మగ్గాలు కదిలాయి. పక్క షెడ్డాయన రాత్రి షిఫ్టుకు తన రెండు మగ్గాలు వదిలాడు, కరెంటు ఖర్చు మాత్రం పెట్టుకోమన్నాడు. నూలు వ్యాపారి గడువు దీపావళి దాకా జరిపాడు. వడ్డీ జరపలేదు, అదీ చెప్పాలి. ఆడవారి భిశీలో ఆ నెల పాట ఎవరి వంతో ఆమె తన వంతు అత్తకు ఇచ్చి తాను చివరకు వెళ్ళింది. ఆమెకు ఇంట్లో పెళ్ళి ఉంది. నాకు అన్నింటికన్న పెద్దదిగా కనిపించింది అదే.

మా వాటాకు మేము వంద చద్దర్లు చెప్పాము, సగం సొమ్ము ముందు. ఇది చెప్పినంత తేలికగా జరగలేదు. కార్యవర్గంలో ఒకరు, సోలాపురి పేరుతోనే ఇంకా చవకగా దొరుకుతాయి కదా అన్నారు. దొరుకుతాయి. ఎక్కడో నేసి ఈ పేరు తగిలించినవి బజారు నిండా ఉన్నాయి. సోలాపురి చద్దరుకు 2005-06లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా కొనేవాడు అంచు తిరగేసి చూడకపోతే గుర్తింపు ఏం చేస్తుంది? మరొకరు, వంద తీసుకుంటున్నాము కనుక నూటికి ఇరవై తగ్గించమని అడుగుదామన్నారు. అప్పుడు నేను కొంచెం గట్టిగానే మాట్లాడాను. సభలలో మనం కప్పే శాలువలున్నాయే, మెరుపు జరీ అంచువి, వాటిని ఇంటికి తీసుకువెళ్ళాక కప్పుకున్నవారిని నేనెన్నడూ చూడలేదు. నాకే నాలుగున్నాయి, పెట్టెలో. ఈసారి సన్మానాలన్నిటికీ చద్దరు కప్పుదామన్నాను. నవ్వారు, ఒప్పుకున్నారు. ఒక పెద్దాయన, చద్దరు కప్పితే రోగిని పరామర్శించినట్లుంటుందేమో అన్నారు. ఉండనీయండి, రాత్రి చలికి పనికివస్తుంది అన్నాను.

మళ్ళీ సద్దుల బతుకమ్మకు వెళ్ళాను. షోలాపురంలో బతుకమ్మ చూడనివారు ఒకసారి చూడాలి; మరాఠీ బోర్డుల కింద తంగేడు, బంతిపూల దొంతరలు, చుట్టూ తెలుగు పాట. ఆ రోజు సాయంకాలం దాకా మామ షెడ్డు నడిచింది. ఆరు మగ్గాలు ఆడుతున్నాయి. రెండింటి మీద గోనెపట్టా కప్పి ఉంది. వెనుక రేకు స్థానంలో ఇటుక గోడ లేచింది, ఇంకా గిలాబు కాలేదు. మోటారు మోటారుకూ ఉలితో చెక్కిన గుర్తుంది. మేస్త్రీ అరువిచ్చిన రెండింటి మీద మాత్రం చెక్కనివ్వలేదట. "అవి నావి కావు," అన్నాడు మామ.

కొడుకు పుణె నుంచి వచ్చి ఉన్నాడు. అక్కడ ఒక కంపెనీలో ఉద్యోగం. దొంగతనం జరిగిన వారమే, పాత ఇనుము కింద అన్నీ అమ్మేద్దాం నాయినా అన్నవాడు. ఇప్పటికీ ఆ మాట మార్చుకోలేదు. ఉన్న రెండు రోజులూ ఆర్డర్లు ఫోనులో రాసుకుని చద్దర్లకు చీటీలు అంటిస్తూనే, "ఇంకెన్నేండ్లు చేస్తవు, చెప్పు," అని తండ్రిని అడుగుతూనే ఉన్నాడు. మామ బదులు చెప్పలేదు. నేనూ చెప్పలేను. ఆ పిల్లవాడి మాటలో తప్పేమీ నాకు కనబడదు.

వందలో చివరి ఇరవై చద్దర్లు నాతో కట్టి ఇచ్చారు. మిగిలిన సగం సొమ్ము లెక్కపెట్టి మామ చేతికిచ్చాను. మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు, ఒక నోటు ఎక్కువ వచ్చిందని తిరిగి ఇచ్చాడు. స్టేషనుకు వచ్చే ఆటోలో కట్ట నా ఒడిలో పెట్టుకున్నాను. దాని మీద ఇంకా గంజి వాసన, కొంచెం నూనె వాసన. ఆటోవాడు అద్దంలో చూసి, "ఎన్ని దీస్కపోతున్నరు అన్నా? ఎంతకిచ్చిండ్రు?" అన్నాడు. ధర చెప్పాను.

"సరిగ్గనే ఇచ్చిండ్రు," అన్నాడు.