ఇత్తడి ఓడకు ఓ సముద్రం

హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్తుంటే జనగామ రాకముందే పెంబర్తి వస్తుంది. కాకతీయుల కాలం నుంచీ దేవుళ్ల వాహనాలకు, ధ్వజస్తంభాలకు రేకు తొడుగులు చేసిన ఊరు. ఇత్తడి రేకును కాల్చి మెత్తబరచి, లక్క మీద పరిచి, ఉలితో, సుత్తితో కొడుతుంటే బొమ్మ ఉబ్బి పైకొస్తుంది. భౌగోళిక గుర్తింపు కూడా దక్కించుకున్న ఈ పనికి ఇప్పుడు ఎక్కువగా జ్ఞాపికలు, గోడ బొమ్మలే ఆదరువు.

ఈ ఊరిదే కానివ్వండి, మరోచోటిదే కానివ్వండి, షోకేసులోకి ఓడ బొమ్మ వచ్చిన రోజే పిల్లలు అడుగుతారు: ‘ఇది నీళ్ల మీద తేలుతుందా?’ ‘ముట్టుకోకు, పగులుద్ది’ అని మనం తప్పించుకుంటాం. నిజానికి తేలించొచ్చు. ఇత్తడి నీళ్లకంటే ఎనిమిదిన్నర రెట్లు బరువు. అయినా బిందె తేలుతుంది కదా, ఓడా అంతే. లోపల బోలుగా ఉండాలి, నీళ్లు చొరబడకూడదు.

ముందు లెక్క చూద్దాం. నీటిమట్టం దగ్గర ఓడ 40 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు అనుకోండి. కొనలు సన్నం కాబట్టి వైశాల్యం ఓ 250 చదరపు సెంటీమీటర్లే లెక్కేద్దాం. అంటే సెంటీమీటరు మునిగితే దాదాపు పావుకిలో మోస్తుంది. ఓడ కిలోంబావు ఉంటే అయిదు సెంటీమీటర్లు మునుగుతుంది. గోడ ఎత్తు ఎనిమిదైనా లేకపోతే అలకే మునక!

తర్వాత చిల్లుల వేట. ఓడను పాత పేపరు మీద పెట్టి లోపల నీళ్లు పోయండి. కాగితం తడిసిన చోటల్లా అతుకు సరిగా లేదన్నమాట. టంకం పెట్టించవచ్చు గానీ వేడికి పైమెరుగు పాడవుతుంది. లోపలి వైపు నుంచి ఎం-సీల్ లాంటి ఎపాక్సీ ముద్ద అదమడం మేలు. చెక్క ఓడకు ఈ పరీక్ష పనికిరాదు. మామూలు తెల్ల జిగురు నీళ్లకు మెత్తబడి పలకలు ఊడొస్తాయి. దానికి ముందే లోపలా బయటా రెండు మూడు పూతలు వార్నిష్ పట్టించాలి. చెక్క మీద రేకు తాపడం చేసిన ఓడైతే ఆశ వదులుకోండి. మేకుల సందుల్లోంచి నీళ్లు దిగితే చెక్క ఉబ్బి రేకే విచ్చుకుంటుంది.

ఇంతచేసినా తొట్టిలో వదలగానే పక్కకు ఒరిగిపోవచ్చు. అందానికి పెట్టిన తెరచాప కొయ్యల బరువంతా పైనే ఉంటుంది మరి. చేపల వలలకు కట్టే సీసం గుళ్లు అడుగున నడిమధ్య అతికిస్తే నిలబడుతుంది. ఆ పని పెద్దలే చేసి చేతులు కడుక్కోవాలి. గుళ్ల బరువునూ పై లెక్కలో కలపాలి.

ఇక ప్రయాణం. ఈ ప్రాంతానికి సముద్రం లేదు గానీ సముద్రాలకు కొదవలేదు. కాకతీయులు చెరువులకు పెట్టిన పేర్లే అవి. మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో గణపతిదేవుడి సోదరి మైలాంబ తవ్వించిన చెరువు ధర్మకీర్తి సముద్రం. కాకతీయుల వంశక్రమం తెలియడానికి ఆ చెరువు శాసనమే పెద్ద ఆధారం. భూపాలపల్లి జిల్లా గణపురంలో గణపసముద్రం ఉంది. పక్కనే శిథిలమైన కోటగుళ్లు. అక్కడిదాకా వెళ్లినవారు పొరుగున ములుగు జిల్లాలోని రామప్ప గుడిని చూడకుండా రారు. 1213 నాటి ఆ గుడి శిఖరపు ఇటుకలు నీళ్లలో తేలతాయి. ఓడలా బోలుతనం వల్ల కాదు, ఒళ్లంతా సన్నని రంధ్రాలుండటం వల్ల. 2021లో యునెస్కో వారసత్వ హోదా దక్కింది.

చెరువు దగ్గర పిల్లల్ని ఒడ్డునే ఉంచండి. ఓడ వెనక్కి గాలం దారం కట్టండి. గాలి తిరిగితే అవతలి గట్టుకు పోతుంది. ఒకప్పుడు తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని ఏనుగులు, గుర్రాలు, బంగారం రాజులే లాక్కునేవారు. గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించి, సుంకం తప్ప ఏమీ ముట్టబోమన్నాడు. సముద్రానికి ఎంతో దూరాన ఓరుగల్లులో ఉండి!

ఇంటికొచ్చాక ఓడను బోర్లించి తడి పోయేదాకా ఆరబెట్టండి. ఇత్తడి నల్లబడితే చింతపండు ఉండనే ఉంది.