ఉరుకుందలో ఎరువు మాటలు

శ్రావణమాసం వచ్చిందంటే కర్నూలు జిల్లా పడమటి అంచున వున్న ఉరుకుందకు దారులన్నీ జనంతో నిండిపోతవి. ఆదోని, ఎమ్మిగనూరు వైపునుంచి తెలుగువాళ్ళూ, సరిహద్దు అవతల రాయచూరు, బళ్ళారి ప్రాంతాలనుంచి కన్నడంవాళ్ళూ వస్తారు. స్వామి పూర్తి పేరు ఈరన్న లక్ష్మీనరసింహస్వామి. భక్తులు కేకవేసి పిలిచేది మాత్రం ఈరన్న అనే. దేవుడి పేరులోనే నాటుమాటా సంస్కృతమూ కలిసివున్నప్పుడు మనుషుల మాటల్లో కలవకుండా వుంటవా?

అసలు జాతర అన్న మాటే సంస్కృతంలోని యాత్రనుంచి వచ్చింది. కోస్తావారు బొబ్బట్లు అనేవాటిని ఈ సీమలో ఓళిగలంటారు. ఇది కన్నడంలోని హోళిగె. ఆ సంగతి ఎట్లా తెలుస్తుందంటే, మాట మొదట్లో వుండే పకారం కన్నడంలో హకారమయింది. మన పాలు వాళ్ళకు హాలు, మన పులి వాళ్ళకు హులి. తెలుగులో ఆ మార్పు రాలేదు; తెలంగాణంలో ఆ పిండివంటనే పోలెలంటారు. కాబట్టి పకారం హకారమై, ఆ హకారమూ జారిపోయిన ఓళిగ పొరుగింటినుంచి వచ్చిందేనన్నమాట!

కన్నడం పొరుగుదనంవల్ల వచ్చింది. మరికొన్ని మాటలు దొరతనంతో వచ్చినవి. 1565లో విజయనగరం ఓడిపోయిన తరువాత ఆదోని దుర్గం బిజాపూరు సుల్తానుల వశమయింది. వారి వెనుక మొగలాయీలు, నిజాములు ఏలారు. 1800లో నిజాం ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చివేశాడు. దొరలు మారినా కచేరీ మాటలు మారలేదు. జమాబందీ, దస్తావేజు, గుమాస్తా అట్లాగే నిలిచినవి. జాతర అంగడిలో గాజులు బేరమాడే ఇల్లాలు "ఖరీదెంత?" అని అడుగుతుంది. పారసీలో ఖరీదంటే కొనటం. మన దగ్గర అది వెల అయి కూర్చున్నది.

1854లో బ్రౌన్ దొర ఇటువంటి మాటలను ఏరి మిశ్రభాషా నిఘంటువని వేరే అచ్చువేయించాడు. ఇవాళ అట్లా వేరుచేయటం మనవల్ల అవుతుందా? 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినవి. అరబ్బీ మాట పోయిన చోటికి వచ్చింది అచ్చతెలుగు కాదు, సంస్కృతం. ఆ పైన వున్న జిల్లా కూడా అరబ్బీదే. అన్నిటికన్న చిత్రం, నల్లరేగడిలో పత్తి పండించే మనిషి పేరు. రైతు అన్న మాటకు మూలమైన అరబ్బీ పదానికి మంద అనీ, ఏలుబడిలోని జనమనీ అర్థం. మనం దాన్ని నేల దున్నేవాడికి ఇచ్చి, చివర మన "అన్న"ను తగిలించి రైతన్న అన్నాం. ఈరన్నకున్న వరసే రైతన్నకూ కలిసింది. ఇంకా దాన్ని పరాయి మాట అనగలమా?

అయితే అరువు తెచ్చుకోవటం వేరు, ఇంట్లో వున్నదాన్ని పారవేయటం వేరు. రైలు, టికెట్టు మనకు లేని వస్తువులతోపాటు వచ్చినవి. ఉకారం తగిలించుకుని మనవి అయినవి. కాని పిల్లవాడికి అన్నం పెడుతూ "రైస్ తిను" అనటంలో లేనిదేమి వచ్చింది? వున్న మాట పోయింది, అంతే. ఓళిగను పిలుచుకున్నందుకు తెలుగు చెడలేదు. అన్నాన్ని మరిస్తే మాత్రం చెడుతుంది.

తెలుగులో ఎరువు అంటే అరువు తెచ్చుకున్న సొత్తు. పొలానికి వేసేదీ ఎరువే. ఎరువు వేస్తే చేను పండుతుంది. కాని విత్తనం మాత్రం మనదిగా వుండాలి.