గర్భసంచి - 3: మూడు నెలల టైమ్

గర్భసంచిలో గడ్డలంటే మా పేటలో ఒకటే వైద్యం, సంచి తీసేయడం. అమ్మకి ముప్పై రెండేళ్లకే తీసేశారు. పెద్దమ్మకి ముప్పై అయిదుకి. ‘పిల్లలు పుట్టేశారుగా, ఇంకా సంచి దేనికి?’ అన్న మాట చిన్నప్పట్నుంచీ వింటూనే ఉన్నా. మా ఒక్క పేట గోడే కాదిది. 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15-49 ఏళ్ల ఆడవాళ్లలో సంచి తీసేసినవాళ్లు దేశం మొత్తమ్మీద నూటికి 3.2. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7.

నాకు గడ్డలు బయటపడేటప్పటికి హిమోగ్లోబిన్ 7. టౌన్లో ప్రైవేటు డాక్టరు స్కానింగ్ కాగితం సగం చూసి, "సోమవారం అడ్మిట్ అవ్వమ్మా, సంచి తీసేద్దాం" అన్నాడు. గవర్నమెంటాసుపత్రిలో పీజీ చేస్తున్న అమ్మాయి మాత్రం కూర్చోబెట్టి చెప్పింది. "అక్కా, ఈ రక్తంతో ఆపరేషనంటే ప్రమాదం. నెలకో ఇంజక్షన్, మూడు నెలలు వేద్దాం. ఈలోపు రక్తం పెంచుకో."

మందు పేరు ల్యూప్రొలైడ్. మొదట్లో కొద్దిరోజులు హార్మోన్లు ఎక్కువవుతాయి, తర్వాత ఈస్ట్రోజెన్ పడిపోతుంది. గడ్డలకి తిండి ఆ ఈస్ట్రోజెనే. తిండి లేక అవి చిక్కుతాయి. ముట్టు ఆగుతుంది, మింగిన ఐరన్ మాత్రలు ఒంటికి పడతాయి. గడ్డ చిన్నదైతే కోతా చిన్నదవుతుంది. కొందరికి గడ్డలు మాత్రమే తీసి సంచి ఉంచొచ్చు కూడా.

సుఖంగా ఏమీ గడవలేదు. ముట్లుడిగినవాళ్లకొచ్చే సెగలన్నీ నాకూ వచ్చాయి. సంక్రాంతి చలిలో ఫ్యాన్ వేసుకుంటే ఇంట్లోవాళ్లు దుప్పట్లు కప్పుకుని తిట్టుకున్నారు. ఇంజక్షన్ ఆపితే గడ్డలు మళ్లీ పెరుగుతాయి, అందుకని ఆపరేషన్ తేదీ ముందే రాయించుకోవాలి. ఎక్కువకాలం వాడితే ఎముకలు పలచబడతాయి. ఆరు నెలలు దాటనివ్వమని ఆ అమ్మాయి రెండుసార్లు చెప్పింది.

ఎముకలనగానే అమ్మ గుర్తొచ్చింది. సంచితోపాటు అండాశయాలు కూడా తీసేశారని అమ్మకి ఇరవయ్యేళ్ల తర్వాత, నడుం నొప్పికి తీసిన స్కానింగులో తెలిసింది. నాకు మూడు నెలలు ఈస్ట్రోజెన్ ఆపడానికే అంత లెక్క చూశారు. అమ్మకి ముప్పై రెండేళ్లకే మొత్తం ఆపేశారు, ఏ లెక్కా చూడలేదు. ఒక్క మాట చెప్పలేదు. వేలిముద్ర మాత్రం వేయించుకున్నారు.

మూడో ఇంజక్షన్‌కి హిమోగ్లోబిన్ 10.5కి వచ్చింది. గడ్డలు తీశారు, సంచి ఉంది.

ఆ ఇంజక్షన్లు ఆసుపత్రిలో లేవు. బయట కొనాలి, ఒక్కోటీ వేలల్లో. నాకు జీతం ఉంది కాబట్టి అప్పు పుట్టింది. అదే వారం నా పక్క మంచమ్మీదున్న కూలి తల్లికి అదే గడ్డ, అదే చీటీ. ఆమె సంచి తీయించుకుని వెళ్లిపోయింది. వచ్చే భాగం ఆమె గురించే.