ఖాళీ అయ్యాక

మిర్చి అమ్మకానికి సిద్ధమయ్యే రోజుల్లో గంపలగూడెంలోని మా ఇంట్లో ఎవరు ఏ మాట మొదలుపెట్టినా మధ్యలో తుమ్మేవారు. కళ్లంలో ఎండిన కాయలో తాలు ఏరేసి, మిగిలింది గోతాల్లో పోసి, కాలితో తొక్కి కూరి, మూతి దగ్గరకు లాగి దబ్బనంతో పురికొస కుట్టు వేసి, గుంటూరు యార్డుకు లారీ వచ్చేదాకా సావిట్లో గోడవార పేర్చేవారు. నిండిన గోతాలు గుంటూరు వెళ్లిపోయేవి, తిరిగి వచ్చేవి కావు. చినిగి పక్కన పడ్డవి, తవుడూ తెలకపిండీ తెచ్చి ఖాళీ అయినవి మాత్రం మా నాయనమ్మ చేతికి వచ్చేవి. వాటికి అసలు పని అక్కడ మొదలయ్యేది.

ఆవిడ ముందు గోతాన్ని తిరగేసి, పెరట్లో వేపచెట్టు బోదెకేసి కొట్టి దులిపేది. మూతి కుట్టిన పురికొసను తెంపనిచ్చేది కాదు. ఒక కొస పట్టుకుని లాగితే కుట్టంతా సర్రున విడిపోయే చోటు ఒకటుంటుంది, అది వెతికి పట్టుకుని లాగి, ఆ తాడును ఉండగా చుట్టి చూర్లో దోపేది. ఇక గోతం. ఎండాకాలం తాగే నీళ్ల కుండ చుట్టూ తడిపి కట్టడానికి ఒకటి, గుమ్మం ముందు కాళ్లు తుడుచుకోవడానికి ఒకటి, చలికి దూడ వీపున కప్పడానికి ఒకటి. వానాకాలం ఒక అడుగు మూలను రెండో మూలలోకి దోపి తలకు తగిలించుకుంటే అదే కొప్పెర. నాట్లకు పోయే ఆడవాళ్లూ, గొర్లు కాసేవాళ్లూ, బడికి పోయే మేమూ అందరం ఆ కొప్పెర కిందే నడిచాం. కట్లేరు పొంగి రాకపోకలు ఆగిన రోజున గట్టు మీద నిలబడి ఎర్రనీళ్లు చూసే జనంలో సగం తలల మీద గోనె కొప్పెరలే ఉండేవి. తడిసిన గోనెకు ఒక వాసన, కొత్త గోనెకు ఇంకో వాసన. కొత్తదానికి చమురు వాసన ఎందుకు వేస్తుందో పెద్దయ్యాక తెలిసింది, జనపనారను వడికే ముందు మెత్తబడటానికి నూనె పట్టిస్తారట. అలాంటి మిల్లు మాకు ఎంతో దూరంలో కాదు, ఏలూరులోనే ఉండేది. ప్లాస్టిక్ సంచుల ధాటికి గోనె నిలవదని భయపడ్డ ప్రభుత్వం 1987లో తిండిగింజల వంటివాటిని జనపనార సంచుల్లోనే నింపాలని చట్టం కూడా తెచ్చింది.

నూనె డబ్బాల కథ వేరు. పదిహేను కిలోల చదరపు రేకు డబ్బా ఖాళీ అయితే కుంకుడు రసంతో కడిగి ఎండబెట్టి, డబ్బాల సాయిబు కోసం అట్టేపెట్టేవాళ్లం. ఆయన సైకిలు మీద వచ్చి, మా అరుగు పక్కన బొగ్గులు రాజేసి, కడ్డీ ఎర్రగా కాలేలోపు డబ్బా పైరేకును కత్తిరించి, మూత చేసి, బందు వేసి, గొళ్లెం పెట్టేవాడు. నవాసాగరం పొగ గొంతులో పట్టుకున్నా మేము కదిలేవాళ్లం కాదు, సీసం కరిగి వెండిచుక్కై జారే ఆ ఒక్క క్షణం కోసం. "సాయిబూ, అంచు మడిచావా? పిల్లలు చేతులు పెడతారు," అనేది నాయనమ్మ. "మడిచాను మామ్మగారూ, మీరే చెయ్యి పెట్టి చూసుకోండి," అనేవాడాయన. ఆవిడ నిజంగానే చెయ్యి పెట్టి, నాలుగు వైపులా తడిమి చూసేది. ఆ డబ్బాలో సంక్రాంతికి జంతికలు, ఆ తర్వాత కందిపప్పు, అడుగు తుప్పు పట్టాక మట్టిపోసి మల్లెమొక్క, మొక్క వేళ్లు రేకును చీల్చాక సుత్తితో సాపు చేసి కోళ్లగూటి తలుపుకు అతుకు. 1937 నుంచి ఈ దేశంలో అమ్ముతున్న డాల్డా, పచ్చచెట్టు బొమ్మ ఉన్న ఆ పసుప్పచ్చ డబ్బాలో మా ఇంటికి ఎప్పుడో పండగకే వచ్చేది గానీ, డబ్బా మాత్రం ఏళ్ల తరబడి బియ్యం కొలిచేది.

హార్లిక్స్ ఎవరికైనా జ్వరం వస్తేనే. నాకు బాగా గుర్తున్నది దాని రుచి కంటే సీసా. వెడల్పాటి మూతి, చెయ్యి దూరి అడుగుదాకా తోముకోవచ్చు, మూత బిగుతు. అన్నయ్య విజయవాడ హాస్టల్‌కు వెళ్లినప్పుడల్లా ఆవకాయ అందులోనే వెళ్లేది, మూత కింద పాతచీర ముక్క, పైన రెండు మడతల వార్తాపత్రిక, దాని మీద ఎన్ని కట్లు కట్టినా తిరువూరు దాటకముందే ఉబికే నూనె మరక.

అన్నింటినీ ఆవిడ ఇంట్లోకి రానిచ్చేదనుకోకండి. పత్తి చేలకు కొట్టే మందు కూడా సీసాల్లోనే వచ్చేది. మెరిసే అల్యూమినియం సీసా, మర తిప్పే మూత, కిరసనాయిలుకైనా బాగుంటుందని ఎవరికైనా ఆశపుడుతుంది. పురుగుమందుల ఖాళీ డబ్బాలను పగలగొట్టి, ఊరికి దూరంగా పూడ్చాలని 1971 నాటి నిబంధనలున్నాయని ఆవిడకు తెలియదు. అయినా నాన్న చేత గునపంతో పొడిపించి, చేను చివర గొయ్యి తీయించి పాతిపెట్టించేది. ఆ గునపం కడిగేదాకా నాన్నకు అన్నం పెట్టేది కాదు.

యూరియా గోనెలో రావడం మానేసి తెల్లటి ప్లాస్టిక్ నేత సంచిలో రావడం మొదలయ్యాక నాయనమ్మ కొన్నాళ్లు దాన్ని నమ్మలేదు. తర్వాత కుట్లు విప్పి, కడిగి, పది పదిహేను కలిపి పట్టా కుట్టింది. మిర్చి ఆరబోసింది, వాము మీద కప్పింది. వేసవి రాత్రులు మేం దానిమీదే పడుకుని, తలకిందులుగా ఉన్న గ్రోమోర్, ఇఫ్కో అక్షరాలు కూడబలుక్కుంటూ నిద్రపోయేవాళ్లం. యాభై కిలోల ఆ యూరియా బస్తా 2018లో నలభై ఐదుకు తగ్గింది. పట్టాలు కుట్టేవాళ్లు ఇంకా ఉన్నారు.

అమెరికాలో 1930ల కరువుకాలంలో తల్లులు పిండి సంచులతో పిల్లలకు గౌన్లు కుట్టడం చూసి, మిల్లులవాళ్లు ఆ సంచుల మీద పువ్వులు అచ్చువేశారని, కంపెనీ పేరును ఉతికితే పోయే సిరాతో వేశారని చదివినప్పుడు నేను చాలాసేపు ఆ పేజీ తిప్పలేకపోయాను. సంచి ఖాళీ అయ్యాక అది ఎవరి ఒళ్లోకి వెళ్తుందో ఆలోచించి చేసిన పని అది. మా గోతాలకూ డబ్బాలకూ ఎవరూ అంత ఆలోచించి ఉండరు, అయినా వాటిలో చేతికి పట్టు దొరికేది: కుట్టు విప్పితే వీడేది, రేకు మడిస్తే మడతపడేది, సీసా కడిగితే మురికి పోయేది. ఇప్పుడు కిరాణా కొట్టు ముందు తోరణాల్లా వేలాడే షాంపూ పొట్లాలు చూడండి. పలచటి పొరలు ఒకదానికొకటి అంటించేస్తారు, విడదీయడానికి ఏ సాయిబు కడ్డీ పనికిరాదు. వాటిని గంపలగూడెం కాలవల్లో చూస్తాను, వాన వచ్చినప్పుడు అన్నీ ఒకచోటికి కొట్టుకొచ్చి తూముకు అడ్డంపడతాయి.

మొన్న డాలస్ నుంచి మా అక్క వీడియోలో మాట్లాడుతూ ఏదో తీయడానికి ఫ్రిజ్ తెరిచింది. అన్నీ పెరుగు డబ్బాలే, కిలో కిలోవి. ప్లాస్టర్ ముక్కల మీద తెలుగులో గోంగూర, కందిపొడి, దోసెపిండి అని రాసి అంటించింది. ఒక్కదాంట్లోనూ పెరుగు లేదు. ఇన్నెందుకే అక్కా అంటే, ఒకదాన్ని కెమెరా ముందు బోర్లించి పట్టుకుని చూపించింది. చుక్క కారలేదు.

"మూత ఇంత బాగా పడుతుంటే పారెయ్యడానికి చేతులెలా వస్తాయిరా?"