సేవ చదువుకు అప్పు వద్దనుకున్నాం

పిల్లల్ని సువార్త సేవకు చదివించాలనుకునే ఇంట్లో మొదట వెయ్యాల్సింది అప్పు లెక్క. బ్యాంకులో 4 లక్షలు 10 శాతం వడ్డీకి తీసుకుని పదేళ్లలో తీర్చాలంటే, చదువుకాలపు వడ్డీ కలపకుండానే నెలకు దాదాపు 5,300 కట్టాలి. పల్లె సంఘంలో పాస్టరు అయ్యగారి బతుకు కానుకల మీదే నడుస్తుంది. ఆ వాయిదా నెత్తిమీద ఉన్న కుర్రాడు, పిలుపు ఎటున్నా, జీతం బాగా ఇచ్చే పట్నం సంఘం వైపే చూడాల్సి వస్తుంది. మావాడికి ఆ గతి పట్టకూడదని నేనూ మా ఆయనా గట్టిగా అనుకున్నాం.

మాది ఖరగ్‌పూర్ మథురాకాటి. మా ఆయనది రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం. మావాడికి ఝాడ్‌గ్రామ్ వైపు సంతాల్ పల్లెల్లో పనిచెయ్యాలని కోరిక.

ఉచితంగా చదువు, భోజనం, పడక ఇస్తామనే బైబిలు కాలేజీలు చాలానే కనిపించాయి. వాటిలో ఒకదాని కాగితాలు తెప్పించి చూస్తే, ఆ పట్టా ఇచ్చే అధికారం ఎవరిదో ఒక్క ముక్క లేదు. రేపు వాడికి బడిలో ఉద్యోగం అవసరపడినా, పైచదువుకు వెళ్లాలన్నా ఆ పట్టా చెల్లకపోతే ఉచితం కాస్తా ఖరీదైపోతుంది. బెంగాల్లోని సీరాంపూర్ సంగతి వేరు. కేరీ, మార్ష్‌మన్, వార్డ్ అనే మిషనరీలు 1818లో పెట్టిన కాలేజీ అది. 1827లో డెన్మార్క్ రాజు దానికి పట్టాలిచ్చే హక్కు ఇచ్చాడు, 1918లో బెంగాల్ చట్టం దాన్ని స్థిరపరిచింది.

మా ఆయన మనసు హైదరాబాద్ ఆంధ్రా క్రిస్టియన్ థియోలాజికల్ కాలేజీ మీద ఉండేది. 1964లో రాజమండ్రిలో మొదలైన ఆ కాలేజీ కూడా పట్టాలిచ్చే సీరాంపూర్ సెనేట్ కిందిదే. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తిన్నగా సికింద్రాబాద్, పైగా రైల్వే పాస్ ఉండనే ఉంది. తెలుగు సంఘాల్లో సేవ చేసేవాడికైతే నేనూ అదే చెప్తాను. కానీ సంతాల్ పల్లెలకు వెళ్లేవాడికి బెంగాల్ గడ్డ మీద చదువు, అక్కడి పరిచయాలు అక్కరకొస్తాయి. అందుకే సీరాంపూర్ అనుకున్నాం.

అయితే వెంటనే కాదు. ముందు ఇంటి అన్నం తింటూ ఖరగ్‌పూర్ కాలేజీలో బి.ఏ., ఆ తర్వాత సీరాంపూర్‌లో దైవశాస్త్ర పట్టా బి.డి. ఆ బి.ఏ. విద్యాసాగర్ యూనివర్సిటీది కాబట్టి ఎక్కడైనా చెల్లుతుంది. వాడు పదో తరగతిలో ఉండగానే పోస్టాఫీసులో అయిదేళ్ల రికరింగ్ డిపాజిట్ (ఆర్.డి.) మొదలుపెట్టాం, అది బి.డి.లో చేరే నాటికి చేతికొస్తుంది.

సీరాంపూర్ ఫీజు కాగితంలో నేను వేలు పెట్టి చదివించుకున్న వరుస మెస్‌ది. హాస్టళ్లలో నెల ఖర్చంతా కలిపి తలకింత అని పంచుతారు. కూరగాయల ధర పెరిగితే ఆ నెల బిల్లూ పెరుగుతుంది. ట్యూషన్ ఫీజు ఒక్కటే చూసి చేర్పిస్తే చాలదు. పరీక్ష ఫీజు, పుస్తకాలు, సెలవుల్లో సంఘాలకు వెళ్లొచ్చే చార్జీలు కూడా రాసుకోవాలి.

మా సంఘం సాయం చేస్తానంది. ఆ మాట నోటితో ఆగిపోకుండా, ఏడాదికి ఎంత, ఎన్నేళ్లు అన్నది కమిటీ మినిట్స్‌లో రాయించమని అయ్యగారిని అడిగాను. ఆయన ఏమీ అనుకోలేదు, తర్వాతి మీటింగులోనే రాయించారు. ఆ మొత్తం మెస్‌కు, మా ఆర్.డి. ఫీజుకు.